57 ఏళ్లు, ఏళ్ల తరబడి పరుగు, ఎకోలో గుండె గోడ 13 మి.మీ. ఇది పరుగు వల్ల పెరిగిందా, జబ్బా?

గోల్కొండ_పరుగు
మా ఆఫీసులో ఏటా చేయించే ఆరోగ్య పరీక్షల్లో ఈసారి ఈసీజీ చూసి ఎడమ జఠరిక (గుండె కింది గది) పెరిగినట్టుందని రాశారు. ఎకో తీయించాను. జఠరికల మధ్య గోడ 13 మి.మీ., వెనుక గోడ 12, ఎడమ జఠరిక లోపలి వ్యాసం 57, పంపింగ్ 55 శాతం, ఎడమ కర్ణిక (పై గది) కొద్దిగా పెద్దది, కవాటాలు బాగున్నాయి. ఇవీ అంకెలు.

వయసు 57. ముప్పైల్లో మొదలుపెట్టిన పరుగు ఇప్పటిదాకా ఆపలేదు. వారానికి 50 నుంచి 60 కి.మీ. అవుతుంది. ఆయాసం లేదు, ఛాతీ నొప్పి లేదు, ఎన్నడూ కళ్లు తిరిగి పడలేదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి 48. ఆస్పత్రిలో చూసిన బీపీ 138/86. షుగర్ లేదు. నాన్నగారికి బీపీ ఉండేది, 70 దాటాక పక్షవాతం వచ్చింది.

మొదట చూపించిన గుండె డాక్టరు పరుగు పూర్తిగా మానేయమన్నారు. రెండో ఆయన రిపోర్టు తిరగేసి, ఆటగాళ్ల గుండె ఇలాగే ఉంటుంది, హాయిగా పరుగెత్తుకోండి అన్నారు. ఎందుకు మానాలో ఆయన చెప్పలేదు, ఎందుకు ఫరవాలేదో ఈయన చెప్పలేదు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కు పేరు ఇచ్చి ఉన్నాను. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? ఇలాంటి రిపోర్టు వచ్చినవారు ఎవరైనా ఉంటే ఆ తర్వాత ఏం చేశారో చెప్పండి.

నిదానమే_ప్రధానం
57 ఏళ్లకు ఉదయం ఓ గంట నడక చాలు. 42 కి.మీ. పరుగెత్తి సాధించేది ఏముంది? గుండె వద్దంటోంది, వినండి.

ఆర్కే_బీచ్_ఉదయం
@నిదానమే_ప్రధానం గారూ, ఆయన అడిగింది పరుగు మంచిదా చెడ్డదా అని కాదు.
గోల్కొండ గారూ, నాడి 48, జఠరిక 57, ఒక్క లక్షణం లేదు. ఇది నిఖార్సయిన ఆటగాడి గుండె. 1991లో ఇటలీ వైద్యులు 947 మంది మేటి క్రీడాకారుల ఎకోలు ప్రచురించారు. అందులో 16 మి.మీ. దాకా ఉన్నవారు కూడా ఆరోగ్యవంతులే. మీది 13. రెండో డాక్టరు మాటే నా మాట.

ఎకో_గది
నేను ఎకో తీసే పనిలోనే ఉన్నాను. 13 అన్న అంకె చూసి కంగారు పడకండి, అలాగని కొట్టిపారేయకండి. ముందు దాన్ని ఎక్కడ కొలిచారో తెలియాలి. దోసకాయను ఏటవాలుగా కోస్తే ముక్క వెడల్పుగా వచ్చినట్టు, ఛాతీ మీద పెట్టే ప్రోబు కాస్త వాలితే 11 ఉన్న గోడ 13గా కనిపిస్తుంది. కుడి జఠరిక వైపు ఒక కండర పట్టీ గోడకు ఆనుకుని ఉంటుంది. దాన్ని కూడా కలుపుకొని కొలిస్తే రెండు మిల్లీమీటర్లు ఊరికే పెరుగుతాయి. ఇక వయసు పైబడినవారిలో, అందులోనూ బీపీ ఉన్నవారిలో, మధ్య గోడ పైకొస బృహద్ధమని మొదలయ్యే చోటుకు కాస్త కిందుగా ఉబ్బి ఉంటుంది. కర్సరు సరిగ్గా ఆ ఉబ్బు మీద పెట్టి కొలిచి, గోడ అంతా అంతే మందం అన్నట్టు రిపోర్టు రాసేవారు ఉన్నారు.

మరొక లెక్క. వెనుక గోడ మందాన్ని రెట్టింపు చేసి లోపలి వ్యాసంతో భాగించాలి. మీ అంకెలతో 24ను 57తో భాగిస్తే 0.42. గది పెద్దదవుతూ దానికి తగ్గట్టు గోడ పెరిగితే ఈ సంఖ్య 0.42 లోపే ఉంటుంది. బీపీ వల్ల గోడ లోపలికి మందమైతే 0.42 దాటుతుంది. మీది సరిగ్గా గీత మీద ఉంది. వెనుక గోడ కొలతలో ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా మీరు గీతకు అటో ఇటో వెళ్లిపోతారు. అందుకే ఆటగాళ్ల ఎకోలు ఎక్కువగా చూసేచోట మళ్లీ తీయించండి.

సైకిల్_ఓరుగల్లు
ఎడమ కర్ణిక పెద్దదైందని రాశారు కదా, దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. అదీ ముఖ్యమే. సాయంత్రం వివరంగా రాస్తాను.

గుండె_వైద్యం_కర్నూలు
నేను గుండె వైద్యుడిని. ఇక్కడి అంకెలు చూసి ఎవరికీ నిర్ధారణ చెప్పలేను, చెప్పకూడదు కూడా. అయితే ఈ ప్రశ్నను ఎలా విప్పాలో చెప్పగలను.

@ఆర్కే_బీచ్_ఉదయం చెప్పిన ఇటలీ పరిశోధన నిజమే. అందులో ఆయన వదిలేసిన సంగతులు ఉన్నాయి. 947 మందిలో 13 మి.మీ. లేదా ఆ పైన ఉన్నవారు 16 మంది, అంటే వందకు ఇద్దరు కూడా లేరు. ఆ 16 మందిలో 15 మంది రోయింగ్, కనోయింగ్ చేసేవారు, ఒకరు సైకిల్ పోటీదారు. అందరూ మేటి స్థాయి యువ క్రీడాకారులు. ఆ గీటురాయిని తెచ్చి 57 ఏళ్ల మనిషికి పెట్టడం సరికాదు. ఈసీజీ సంగతీ ఇంతే. క్రీడాకారుల ఈసీజీని ఎలా చదవాలో 2017లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న నియమాలు 12 నుంచి 35 ఏళ్లవారి కోసం రాసినవి. 57 ఏళ్లవారి ఈసీజీని వాటి ప్రకారం చదివి సంతృప్తి పడితే ఎక్కడో ఒకచోట దెబ్బతింటాం.

ఆటల వల్ల గుండె పెరుగుతుందని స్వీడన్ వైద్యుడు హెన్షెన్ 1899లోనే చెప్పాడు. మంచు మీద స్కీయింగ్ చేసేవారి ఛాతీని వేళ్లతో తట్టి, ఆ శబ్దం మారే చోటును బట్టి గుండె హద్దులు గుర్తించాడు. ఎకో లేదు, ఎక్స్‌రే అప్పుడప్పుడే పుట్టింది. అయినా ఆయన చెప్పింది నిలబడింది. ఆ తర్వాత మనకు వచ్చిన చిక్కల్లా పెరిగిన గుండెల్లో ఏది ఏ కారణంతో పెరిగిందో విడదీయడం. పాతికేళ్ల కుర్రాడిలో ప్రధానంగా అనుమానించేది వంశపారంపర్యంగా గోడ మందమయ్యే కార్డియోమయోపతీని. 57 ఏళ్ల మనిషిలో దానికి తోడు బీపీ, బృహద్ధమని కవాటం బిగుసుకుపోవడం, అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకోవడం, మద్యం, రక్తనాళాల్లో కొవ్వు, అన్నీ ఆలోచించాలి. పైగా ఇవి పరుగుతో పాటు ఒకే గుండెలో ఉండవచ్చు. ఇరవై ఏళ్లు పరుగెత్తినవాడికి బీపీ రాదని ఎక్కడా లేదు. అందుకే "ఆటగాడి గుండెనా, జబ్బు గుండెనా" అని ఇద్దరు వైద్యుల మధ్య ఓటు వేయడం నాకు నచ్చదు. ఈ వయసులో రెండూ కొంత కొంత ఉండటం చాలా మామూలు.

శిక్షణ వల్ల పెరిగిన గుండెలో నాలుగు గదులూ ఇంచుమించు ఒకే దామాషాలో పెరుగుతాయి. గోడ కొద్దిగా మందమైనా గది దానికి తగ్గట్టు విశాలంగా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ కండరం చక్కగా సడలుతుంది. వంశపారంపర్య జబ్బులో సాధారణంగా గది చిన్నది, చాలామందిలో 45 మి.మీ. లోపు. గోడ ఒకచోట విపరీతంగా మందమై పక్కన మామూలుగా ఉంటుంది. మీ 57 మి.మీ. గది ఆ జబ్బుకు వ్యతిరేకంగా మాట్లాడుతోంది, అది మంచి సూచన. కానీ బీపీకి వ్యతిరేకంగా ఏమీ చెప్పడం లేదు. 138/86 నాకు నచ్చలేదు.

మీ రిపోర్టులో టిష్యూ డాప్లర్ (కండరం కదిలే వేగం) అంకెలు ఉన్నాయా? మధ్య గోడ దగ్గర కండరం సడలే వేగం, దాన్ని ఈ-ప్రైమ్ అంటాం, అది సెకనుకు 7 సెం.మీ. కన్నా తక్కువ ఉంటే కండరం బిగుసుకుందని అనుమానిస్తాం. అది చూసి చెప్పండి. ఆపైన 24 గంటల బీపీ పరీక్ష, వ్యాయామం చేయిస్తూ ఎకో, ఎంఆర్ఐ, రోజంతా ఈసీజీ తీసే హోల్టర్. పరుగు శాశ్వతంగా మానమని ఈ దశలో నేను చెప్పను. పరీక్షలు పూర్తయ్యేదాకా పోటీలు, వేగపు పరుగులు ఆపమంటాను.

నిదానమే_ప్రధానం
డాక్టరు గారు కూడా ఆపమనే అన్నారు కదా.

గుండె_వైద్యం_కర్నూలు
@నిదానమే_ప్రధానం కొన్ని వారాలు పోటీ వేగం వద్దన్నాను. మాట్లాడుతూ చేయగల పరుగు వద్దనలేదు. ఎప్పుడూ పరుగెత్తేవాడిని ఒక్కసారిగా కూర్చోబెడితే బరువు, బీపీ, దిగులు మూడూ పెరుగుతాయి.

గోల్కొండ_పరుగు
టిష్యూ డాప్లర్ అంకె రిపోర్టులో లేదు. రెండో డాక్టరు దగ్గరి రిపోర్టులోనూ లేదు. 24 గంటల బీపీ ఇంతవరకు ఎవరూ చెప్పలేదు, ఈ వారమే పెట్టించుకుంటాను. పరుగు మానేయమన్నారని ఇంట్లో చెబితే, తెల్లవారుజామున 4 గంటల అలారం ఆగుతుందంటే ఆ డాక్టరుకు నేనే మిఠాయిలు పంపిస్తానని మా ఆవిడ అంది.

సైకిల్_ఓరుగల్లు
మీ ఆవిడకు ఆశ పెట్టకండి, డాక్టరు గారు అలారాన్ని మానమనలేదు.

అలిపిరి_మెట్లు
ఇన్ని పరీక్షలు ఎందుకో నాకు అర్థం కావడం లేదు. మా ఊళ్లో ఒకటే పరీక్ష. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఆగకుండా ఎక్కితే గుండె గట్టిది. నాకు 61, ఏటా ఎక్కుతాను. మా బృందంలో ఎవరికీ గుండె జబ్బు లేదు.

గుండె_వైద్యం_కర్నూలు
@అలిపిరి_మెట్లు గారూ, మీ ఓపికకు దండం. కానీ ఈ నమ్మకమే నన్ను భయపెడుతుంది. 35 దాటిన క్రీడాకారులు వ్యాయామం చేస్తూ హఠాత్తుగా చనిపోయే సంఘటనల్లో మొదటి కారణం గుండె రక్తనాళాల జబ్బు. వాళ్లలో చాలామంది అంతకుముందు కొండలు ఎక్కినవారే, మారథాన్లు పూర్తిచేసినవారే. గోడ మందమైన జబ్బు ఉన్నవారిలోనూ కొందరు ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా ఆడతారు. బాగా ఎక్కగలగడం మీ శక్తి ఎంతో చెబుతుంది. లోపల ఏముందో చెప్పదు. మెట్లు ఎక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్టు ఉన్నా, గత ఏడాదికీ ఈ ఏడాదికీ అకారణంగా ఆయాసం పెరిగినా, ఎక్కుతూ ఉండగానే కళ్లు చీకట్లు కమ్మినా అక్కడే ఆగండి. పరుగు లేదా మెట్లు అయిపోయి నిలబడ్డాక తల తిరగడం ఎక్కువగా రక్తం కాళ్లలో నిలిచిపోవడం వల్ల. శ్రమ చేస్తూ ఉండగా పడిపోవడం మాత్రం ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకూడదు.

అలిపిరి_మెట్లు
ఆయాసం పెరిగిన మాట నిజమే. వయసు కదా అనుకున్నాను. చూపించుకుంటాను.

ఆర్కే_బీచ్_ఉదయం
@అలిపిరి_మెట్లు తప్పకుండా చూపించుకోండి, వాయిదా వేయకండి.
డాక్టరు గారూ, మీరు అన్న 16 మందిలో 15 మంది పడవలవాళ్లే అన్నది ఒప్పుకుంటాను. అయినా ఆయన గది 57 ఉంది కదా. అది పరుగు చేయకపోతే ఎలా వస్తుంది?

గుండె_వైద్యం_కర్నూలు
పరుగు వల్లే వచ్చి ఉండవచ్చు. పంపింగ్ తగ్గుతూ గుండె సాగిపోయే జబ్బులోనూ గది పెద్దదే. అక్కడ తేడా పట్టించేది వ్యాయామం. బాగా శిక్షణ ఉన్న గుండె విశ్రాంతిలో 50, 52 శాతం పంపింగ్ చూపించవచ్చు, ఎందుకంటే పెద్ద గదికి కూర్చున్నప్పుడు గట్టిగా పిండాల్సిన పని లేదు. శ్రమ పెట్టగానే అది చక్కగా పెరుగుతుంది. జబ్బు గుండె శ్రమలో పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది. టూర్ డి ఫ్రాన్స్ సైకిలిస్టులను పరీక్షించిన ఫ్రెంచి వైద్యులు సగం మందికి గది 60 మి.మీ. దాటినట్టు చూశారు. వారిలో కొందరికి విశ్రాంతిలో పంపింగ్ 52 కన్నా తక్కువ.

భార్గవి_10కె
ఈ అంకెలన్నీ మగవాళ్లవేనా? నాకు 52. గోడ 12 అని రాసి సాధారణమే అన్నారు.

ఎకో_గది
@భార్గవి_10కె ఆడవాళ్లకు అదే గీత పెట్టకూడదు. మామూలుగా ఆడవాళ్లలో గోడ 9 మి.మీ. లోపు, మగవాళ్లలో 10 లోపు. డాక్టరు గారు చెప్పిన ఇటలీ పరిశోధనలో క్రీడాకారిణుల్లో ఒక్కరికి కూడా 11 దాటలేదు. మీ 12ను మళ్లీ కొలిపించండి. మీ ఎత్తు, బరువు కూడా రిపోర్టులో ఉండాలి. శరీర వైశాల్యంతో భాగించకుండా ఇచ్చిన అంకె సగం సమాచారమే. రుతుక్రమం ఆగాక బీపీ పెరగడం మామూలు, అదీ చూపించుకోండి.

చిత్తూరు_షటిల్
ఇది చదువుతుంటే మా బావ సంగతి రాయకుండా ఉండలేకపోతున్నాను. ఆయనకు 68. రోజూ షటిల్ ఆడేవారు. ఎకోలో గోడ 15 వచ్చింది. ఒక ఆస్పత్రిలో ఆటల వల్ల అన్నారు. మేమూ సంతోషించాం. ఏడాది తిరిగేసరికి కాళ్ల వాపు, రెండు మెట్లు ఎక్కితే ఆయాసం. అప్పటిదాకా వాడుతున్న బీపీ మందు వేసుకుంటే కళ్లు తిరిగేవి, బీపీ అంతగా పడిపోయేది. వేరేచోట చూపిస్తే ఆ డాక్టరు ముందు ఆయన అరచేతులు చూపించమన్నారు. రెండు మణికట్ల దగ్గరా పాత ఆపరేషన్ గాట్లు ఉన్నాయి. తిమ్మిర్లు వస్తున్నాయని కొన్నేళ్ల కిందట చేయించుకున్నవి. ఆ గాట్లు చూసి ఆయన అమిలాయిడ్ అనుమానించారు. ఐసోటోప్ స్కాన్‌లో, రక్త పరీక్షల్లో అదే తేలింది.

రోజుకు గంట షటిల్ ఆడితే గోడ 15 అవుతుందా అని ఆ మొదటి ఆస్పత్రిలో ఒక్కరైనా ఆలోచించి ఉంటే ఏడాది కలిసివచ్చేది. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

గుండె_వైద్యం_కర్నూలు
@చిత్తూరు_షటిల్ మీ బావగారిని చూసిన ఆ రెండో డాక్టరుకు నమస్కారం. ఈ చర్చలో అందరూ గుర్తుంచుకోవలసిన కేసు ఇది. 60 దాటిన మగవారిలో గోడలు మందంగా ఉండి, ఈసీజీలో గీతలు మాత్రం పొట్టిగా ఉంటే ఆ రెండింటికీ పొంతన కుదరదు. నిజంగా కండరం పెరిగితే గీతలు పొడవు కావాలి. కండరం మధ్య ప్రొటీన్ పేరుకుంటే గోడ మందమవుతుంది కానీ విద్యుత్తు పెరగదు. రెండు చేతులకూ మణికట్టు నరం నొక్కుకుపోవడం గుండె లక్షణాల కన్నా చాలా ఏళ్ల ముందే కనిపించవచ్చు. ఇప్పుడు దీనికి మందులు ఉన్నాయి, ఎంత త్వరగా పట్టుకుంటే అంత మేలు.

గోల్కొండ గారి ఈసీజీలో జఠరిక పెరిగినట్టుందని రాశారు, అంటే గీతలు పొడవుగా ఉన్నట్టే, కాబట్టి ఆయన విషయంలో ఇది నా మొదటి అనుమానం కాదు.

మీరు అడిగిన ఆ ప్రశ్న ప్రతి డాక్టరూ వేసుకోవాలి. ఎంత వ్యాయామం చేస్తే ఎంత పెరగాలి? ఉదయం గంట నడిచేవారికి, వారానికి మూడు రోజులు షటిల్ ఆడేవారికి గోడ 13 వస్తే దాన్ని ఆటల ఖాతాలో వేయకూడదు.

సింహాచలం_గిరి
నేను ఏటా గిరి ప్రదక్షిణ చేస్తాను, 32 కి.మీ. ఆ ఖాతాలో ఎంత వేసుకోవచ్చు?

ఎకో_గది
@సింహాచలం_గిరి పుణ్యం ఖాతాలో మొత్తం వేసుకోండి, గోడ ఖాతాలో ఏమీ పడదు.

జీవశాస్త్రం_మాస్టారు
వంశపారంపర్యం మాట వచ్చింది కాబట్టి మన హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న ఒక పరిశోధన గురించి చెప్పాలి. గుండె కండరంలో ఒక ప్రొటీన్‌ను తయారుచేసే ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాల ముక్క లోపించడం భారత ఉపఖండంలో వందకు సుమారు నలుగురిలో ఉందని 2009లో ప్రచురించారు. అది ఉన్నవారికి గుండె కండరం జబ్బు వచ్చే ముప్పు ఎక్కువ. వయసుతో ఆ ముప్పు పెరుగుతుందని కూడా చెప్పారు. ఇటలీ, అమెరికా క్రీడాకారుల అంకెలను మనకు అన్వయించేటప్పుడు ఇది మనసులో పెట్టుకోవాలి.

గుండె_వైద్యం_కర్నూలు
@జీవశాస్త్రం_మాస్టారు మంచి సంగతి గుర్తుచేశారు. చదివేవారు బెంబేలెత్తకుండా ఒక మాట. ఆ లోపం ఉన్నవారందరికీ జబ్బు రాదు, చాలామంది నిండు జీవితం మామూలుగానే గడుపుతారు. అది ఉందని తెలిసినంత మాత్రాన పరుగు ఆపాల్సిన పని లేదు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా, ఎవరికైనా గుండె గోడ మందమని చెప్పారా అన్న ప్రశ్నలే ముందు. గోల్కొండ గారూ, మీ అన్నదమ్ములు, మేనమామలు, చిన్నాన్నల్లో ఎవరైనా?

గోల్కొండ_పరుగు
లేరు. అందరికీ బీపీ, కొందరికి షుగర్. నలభైల్లో హఠాత్తుగా పోయినవారు లేరు.

సైకిల్_ఓరుగల్లు
రాస్తానన్నది ఇప్పుడు రాస్తున్నాను. నాకు 59, దూరపు సైకిల్ బ్రెవేలు చేస్తాను, 200 నుంచి 600 కి.మీ. దాకా. నా గోడలకు ఏమీ కాలేదు, ఎడమ కర్ణిక మాత్రం పెద్దదైంది. ఓ రాత్రి బ్రెవే మధ్యలో టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు గుండె లయ తప్పి కొట్టుకోవడం మొదలైంది. నాడి పట్టుకుంటే రెండు దెబ్బల మధ్య వ్యవధి ఏ రెండుసార్లూ ఒకేలా లేదు. ఈసీజీలో కర్ణిక కంపనం అన్నారు. స్వీడన్‌లో 90 కి.మీ. స్కీ పోటీలో పాల్గొన్న 52 వేల మందికి పైగా పరిశీలిస్తే, ఐదు లేదా అంతకన్నా ఎక్కువ పోటీలు పూర్తిచేసినవారికి ఒక్క పోటీ చేసినవారి కన్నా ఈ లయ తప్పడం సుమారు 30 శాతం ఎక్కువగా కనిపించిందని నా డాక్టరు చెప్పారు. వేగంగా పూర్తిచేసినవారిలోనూ ఎక్కువే. కాబట్టి శిక్షణ వల్ల పెరిగిందే అయినా ప్రతి పెరుగుదలా నిరపాయం అనుకోకండి. నేను ఇప్పుడు దూరం తగ్గించాను, పడుకునేముందు మద్యం పూర్తిగా మానేశాను, గురక పరీక్ష చేయించుకున్నాను. సైకిల్ మానలేదు.

డల్లాస్_కృష్ణాతీరం
సైకిల్ గారి అనుభవం విన్నాక భయపడి బూట్లు అటక మీద పెట్టేవారికి ఈ మాట. మా డల్లాస్‌లో ఒక పరిశోధన సంస్థ గుండె బిగువు మీద చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. కదలకుండా గడిపినవారి గుండె వయసుతో పాటు బిగుసుకుంటుంది. జీవితమంతా గట్టిగా వ్యాయామం చేసిన 65 దాటినవారి గుండె మాత్రం యువకుల గుండెలా మెత్తగా సాగుతుందని 2004లో చూపించారు. 2018లో మరొకటి. 45 నుంచి 64 ఏళ్ల మధ్య ఉండి అప్పటిదాకా వ్యాయామం లేనివారికి రెండేళ్లు శిక్షణ ఇస్తే ఆ బిగువు తగ్గింది. పెద్దగా, మెత్తగా ఉన్న గుండె ఒకటి, మందంగా, బిగుసుగా ఉన్న గుండె ఒకటి. డాక్టరు గారు మొదట అడిగిన ఈ-ప్రైమ్ ఎందుకో నాకు ఇప్పుడు అర్థమైంది.

దండ_బస్కీలు
బరువులు ఎత్తేవారి గురించి కూడా ఎవరైనా చెప్పండి. మా వ్యాయామశాలలో 50 దాటినవారు కూడా టెస్టోస్టెరాన్ ఇంజక్షన్లు తీసుకుంటున్నారు.

గుండె_వైద్యం_కర్నూలు
@దండ_బస్కీలు అది శిక్షణ కిందికి రాదు. ఆ ఇంజక్షన్లు, అనబాలిక్ స్టెరాయిడ్లు గోడను మందం చేస్తాయి, పంపింగ్ తగ్గిస్తాయి, చెడు కొలెస్ట్రాల్ పెంచుతాయి. ఎకో తీసేవారికి ఈ విషయం దాచకండి. దాచితే రిపోర్టు తప్పుదారి పడుతుంది. మీ స్నేహితులకు గట్టిగా చెప్పండి.

ఆర్కే_బీచ్_ఉదయం
ఇంకొక దారి ఉంది కదా. మూడు నెలలు పరుగు ఆపి మళ్లీ ఎకో తీస్తే? తగ్గితే ఆటగాడి గుండె, తగ్గకపోతే జబ్బు. దీనికి ఇంత ఖర్చు ఎందుకు?

గుండె_వైద్యం_కర్నూలు
యువ క్రీడాకారుల్లో అది మంచి పరీక్షే. శిక్షణ వల్ల మందమైన గోడ విశ్రాంతితో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో స్పష్టంగా పలచబడుతుంది. 57లో నేను దాన్ని మొదట వాడను. ఇటలీలో మేటి క్రీడాకారులు ఆట మానేశాక సగటున ఐదేళ్లకు పైగా గడిచినా ప్రతి ఐదుగురిలో ఒకరికి గది పెద్దగానే ఉండిపోయింది. కాబట్టి తగ్గకపోతే జబ్బు అనలేం. అదీగాక ఆ మూడు నెలల్లో బీపీ పెరిగి గోడ అలాగే ఉండిపోతే మనం ఏం తేల్చినట్టు?

గోల్కొండ_పరుగు
పరీక్షలు అయ్యాయి. ఆలస్యానికి మన్నించండి, ఎంఆర్ఐకి తేదీ దొరకడానికి సమయం పట్టింది.

24 గంటల బీపీ: పగటి సగటు 142/88, రాత్రి 128/78. నిద్రలో ఎంత తగ్గాలో అంత తగ్గలేదు అన్నారు.

మళ్లీ తీసిన ఎకో: ఎకో_గది గారు చెప్పినట్టే జరిగింది. మధ్య గోడ పైకొస ఉబ్బు దగ్గర 13, దాని కింద 12. వెనుక గోడ 11. లోపలి వ్యాసం 57. ఈ-ప్రైమ్ 8. శ్రమ పెట్టినప్పుడు పంపింగ్ 55 నుంచి 68కి పెరిగింది. ఆ శ్రమలో బీపీ మాత్రం 224/96కు వెళ్లింది. మాస్కు పెట్టి ఆక్సిజన్ వాడకం కొలిచే పరీక్షలో నిమిషానికి కిలోకు 44 మి.లీ. వచ్చింది, నా వయసుకు వేసిన అంచనాకు 130 శాతం.

ఎంఆర్ఐలో మచ్చలు లేవు. హోల్టర్‌లో అక్కడక్కడా అదనపు దెబ్బలు తప్ప ఏమీ లేవు. గుండె సీటీలో కాల్షియం స్కోరు (రక్తనాళాల గోడల్లో పేరుకున్న కాల్షియం లెక్క) 85.

నా డాక్టరు అన్నది: గది పెద్దదవడం పరుగు వల్ల, గోడలో కొంత భాగం బీపీ వల్ల. ఒకటి సంతోషం, ఒకటి పని. బీపీకి టెల్మిసార్టాన్ మొదలుపెట్టారు, కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ ఇచ్చారు. ఆరు నెలల తర్వాత మళ్లీ ఎకో. పరుగు మాట్లాడగల వేగంలో చేసుకోమన్నారు. ఈ ఆగస్టు మారథాన్ వదిలేయమన్నారు.

ఎకో_గది
22ను 57తో భాగిస్తే 0.39. గీతకు మంచి వైపు వచ్చారు. చాలా సంతోషం.

ఆర్కే_బీచ్_ఉదయం
అంతా ఇంత బాగుంటే మారథాన్ ఎందుకు వదలాలి? 130 శాతం అంటే మాటలా!

గుండె_వైద్యం_కర్నూలు
@ఆర్కే_బీచ్_ఉదయం అంతా బాగాలేదు. శ్రమలో 224 దాకా వెళ్లే బీపీతో, ఆగస్టు ఉక్కలో, ఆ ఫ్లైఓవర్లు ఎక్కుతూ నాలుగు గంటలకు పైగా పరుగెత్తమని నేను కూడా చెప్పను. బీపీ అదుపులోకి వచ్చాక, శ్రమలో మరోసారి కొలిచాక తర్వాతి పోటీ చూసుకోవచ్చు.

గోల్కొండ గారూ, మీ డాక్టరు మందు ఎంపిక కూడా బాగుంది. బీటా బ్లాకర్ ఇస్తే ఇప్పటికే 48 ఉన్న నాడి ఇంకా పడిపోయి పరుగులో కాళ్లు ఈడ్చినట్టు అయ్యేది. నీరు తీసే మందు వేసవి పరుగులో ఒంట్లో ఉప్పు, నీరు తగ్గిస్తుంది. టెల్మిసార్టాన్‌తో ఆ రెండు తంటాలూ తక్కువ. మూత్రపిండాలు, పొటాషియం పరీక్ష కొన్ని వారాల్లో చేయిస్తారు, తప్పించుకోకండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు మందు వేసుకోవాలా ఆపాలా అని డాక్టరును అడగండి. కీళ్ల నొప్పులకు పోటీల ముందు మాత్రలు మింగే అలవాటు ఉంటే మానండి, ఈ మందుతో కలిస్తే మూత్రపిండాలకు చేటు.

గోల్కొండ_పరుగు
ఆ మాత్రలు దూరపు పరుగుల ముందు వేసుకునేవాడిని. ఇక వేసుకోను. ఇంట్లో బీపీ ఎప్పుడు చూసుకోవాలి? పరుగు అయ్యాక చూస్తే 118 చూపిస్తోంది, బాగుందనుకుంటున్నాను.

గుండె_వైద్యం_కర్నూలు
పరుగు తర్వాత కొన్ని గంటలపాటు బీపీ తక్కువగానే ఉంటుంది, ఆ అంకె చూసి మందు తగ్గించకండి. ఉదయం లేచి, మూత్రానికి వెళ్లివచ్చి, పరుగుకు, కాఫీకి, మందుకు ముందు ఐదు నిమిషాలు కూర్చుని చూడండి. నిమిషం ఆగి మళ్లీ చూడండి. రాత్రి పడుకునేముందు ఇంకోసారి. వారంపాటు రాసుకుని తీసుకెళ్లండి.

అలిపిరి_మెట్లు
నా ట్రెడ్‌మిల్ పరీక్షలో తేడా ఉందన్నారు. వచ్చే వారం యాంజియోగ్రామ్. ఈసారి నడకదారిన వెళ్లడం లేదు.

సైకిల్_ఓరుగల్లు
@అలిపిరి_మెట్లు మంచి పని చేశారు. అయ్యాక ఎలా ఉందో ఇక్కడే రాయండి, ఎదురుచూస్తాం.

భార్గవి_10కె
నాది మళ్లీ కొలిస్తే 10 వచ్చింది. బీపీ మాత్రం ఉంది, మందు మొదలైంది.

ఎకో_గది
గోల్కొండ గారూ, భార్గవి గారూ, ఆరు నెలల తర్వాత ఎకోకు వెళ్లేటప్పుడు కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి. పాత ఎకో బొమ్మలున్న సీడీ ఇప్పుడే అడిగి తెచ్చుకుని దాచుకోండి. వీలైతే అదే మిషను మీద, అదే మనిషితో తీయించండి. ఆ రోజు ఉదయం దూరపు పరుగు వద్దు, నీళ్లు బాగా తాగి వెళ్లండి, ఒంట్లో నీరు తగ్గితే గది చిన్నగా, గోడ మందంగా కనిపిస్తుంది. కొలిచేటప్పుడు పాత బొమ్మ పక్కన పెట్టి, గోడ మీద అదే చోట కర్సరు పెట్టమని అడగండి. మొహమాటపడకండి, అడిగితే చేస్తాం.